డ్రాకులా కోటలో ఆయతుల్ కుర్సీ

మేము డ్రాకులాను మొదట ఉర్దూలో చదివాం. పాతబస్తీలో మా గల్లీ మలుపులో రోజు కిరాయికి నవలలిచ్చే చిన్న దుకాణం ఉండేది. ఇబ్నె సఫీ జాసూసీ నవలలు, అట్టలూడిన డైజెస్టులు, వాటి మధ్య లావుపాటి పుస్తకం ఒకటి. మజహరుల్ హక్ అల్వీ తర్జుమా. హాగర్డ్ నవలల్ని ఉర్దూలోకి దించింది కూడా ఆయనే. చదివేది నలుగురం. మేమిద్దరు అన్నదమ్ములం, మా ఖాలా కొడుకు, వెనక గల్లీ కంసాలివాళ్ల పిల్లవాడు. అతనికి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని ఒకరం పైకి చదివేవాళ్లం. ఉర్దూ గట్టిపడ్డ చోట తెలుగులో చెప్పేవాళ్లం. మాకు అనువాదం చేయడం ఎవరూ నేర్పలేదు. డ్రాకులా నేర్పాడు.

జొనాథన్ హార్కర్ కోటకు బయల్దేరుతుంటే సత్రం నడిపే పెద్దావిడ తన మెడలోని సిలువ తీసి అతనికిస్తుంది. ఆ తర్వాత కోటలో అతను గడ్డం గీసుకుంటుంటే కత్తి తెగి రక్తం కారుతుంది. పీకమీదికి రాబోయిన కౌంటు చేతికి ఆ సిలువ పూసలు తగులుతాయి. వెనక్కి తగ్గుతాడు. అక్కడ చదవడం ఆగిపోయింది. "మరి మనోళ్లెవలన్న ఆడ చిక్కితే ఏం జూపియ్యాలె?" అని అడిగాడు మా ఖాలా కొడుకు. ఆయతుల్ కుర్సీ చదవాలన్నాం మేము. ఆంజనేయ దండకం అన్నాడు కంసాలి పిల్లవాడు. "డ్రాకులాకు అరబ్బీ అర్థమైతదా? తెలుగు అర్థమైతదా?" అని మళ్లీ ప్రశ్న. ఆ రాత్రి తేలలేదు.

ఇన్నేళ్లుగా రెండు భాషల్లో సమీక్షలు రాస్తున్నాం. ఇంతకన్నా మంచి విమర్శ ప్రశ్న మాకు ఎదురుపడలేదు. ఎవరో తమకోసం అల్లుకున్న భయకథలో మేమెక్కడ నిలబడి భయపడాలి?

అస్తిత్వం గురించిన సంకలనంలో దయ్యాల గోలేమిటని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. మా సాహిత్యంలో భయానికి కొదవేం లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం వచ్చాక తెలుగు పాఠకుడు మా ఇంటి తలుపు వెనక భయం ఎలా ఉంటుందో మొదటిసారి చదివాడు. ఆ రచనలు లేకపోతే ఈ వ్యాసానికి చోటే లేదు. అయితే ఆ తర్వాత ఒక చిత్రం జరిగింది. భయం గురించి మేము రాస్తే అది వాంగ్మూలమే అయి ఉండాలన్న అలవాటు బయట స్థిరపడిపోయింది. ముస్లిం రచయిత దయ్యం కథ పంపితే, ఆ దయ్యం వెనక ఏ అల్లరిమూక ఉందోనని సంపాదకుడు వెతుకుతాడు. ఒకసారి ఒక ఆదివారం అనుబంధానికి భయానక నవలల మీద వ్యాసం ఇచ్చాం. "బాగుంది సాబ్, కానీ మీరు రంజాన్ మీద రాయరాదూ" అన్నారు. రంజాన్ మీద రాశాం. అది అచ్చయింది. హలీం బొమ్మతో.

సరే, డ్రాకులా దగ్గరికి వద్దాం. పెద్దయ్యాక ఇంగ్లీషులో చదివినప్పుడు చిన్నప్పుడు పట్టించుకోని రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, హార్కర్ ఆ సిలువను తీసుకోవడానికి తటపటాయిస్తాడు. అతను ఇంగ్లీషు చర్చి మనిషి. ఇలాంటి వస్తువుల్ని పట్టుకోవడం ఒకరకం విగ్రహారాధనేనని అతనికి నేర్పారు. కాదంటే ఆ పెద్దావిడ బాధపడుతుందని తీసుకుంటాడు. ఇది మాకు ఎంత తెలిసిన సన్నివేశం! మా ఇంట్లో నానీమా దర్గా నుంచి తాయత్తు తెచ్చి పిల్లల మెడల్లో కట్టేది. జమాతుకు పోయివచ్చిన మామూ అది షిర్క్ అని కోప్పడేవాడు. నానీమా మనసు నొప్పించలేక మేము తాయత్తును చొక్కా లోపలికి తోసుకుని తిరిగేవాళ్లం. 1897లో బ్రాం స్టోకర్ అనే ఐరిష్ మనిషి రాసిన పుస్తకంలో మా ఇంటి తగవు ఉంది.

రెండో సంగతి అంత హాయిగా లేదు. కౌంటు తన వంశం గొప్ప చెప్పుకునేటప్పుడు ఆ గొప్పంతా తుర్కులతో చేసిన యుద్ధాలదే. స్టోకర్ ఆ పేరు తీసుకున్న వలాకియా దొర మూడో వ్లాద్ చిన్నతనంలో ఉస్మానీ దర్బారులో బందీగా పెరిగాడు. 1462లో ఆ సుల్తాను రెండో మెహ్‌మద్ సేనల మీదే పోరాడాడు. తుర్కు అంటే ఎవరు? తెలుగు పల్లెల్లో మమ్మల్ని పిలిచేది ఏమని? తురకోళ్లని. మా తాతముత్తాతలు తుర్కీ ముఖం చూసింది లేదు. దూదేకుకుని, గాజులమ్ముకుని బతికారు. అయినా పేరు మాత్రం ఆ యుద్ధభూమిదే. అంటే తెలుగులో చదివితే డ్రాకులా మా పగవాడు. ఐదు శతాబ్దాల పగ! నవ్వొచ్చింది. కొంచెం గర్వం కూడా కలిగిందేమో, అబద్ధమెందుకు.

ఆ తుర్కులే మా పిల్లల ప్రశ్నకు జవాబు రాసి ఉన్నారని ఆ తర్వాత తెలిసింది. 1928లో అలీ రిజా సెయ్ఫీ అనే రచయిత ఈ నవలను ఎత్తుకుపోయి ఇస్తాంబుల్లో దించాడు. ఎత్తుకుపోయాడనే అనాలి, స్టోకర్ పేరు పెట్టలేదు. 'కజిక్లి వొయ్‌వొదా' అని పేరు పెట్టాడు. మన మాటల్లో కొరతలేసే దొర అనవచ్చు. లండన్ స్థానంలో ఇస్తాంబుల్. పిశాచాన్ని వేటాడేవాళ్లు తుర్కీ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి వచ్చినవాళ్లు. సిలువ స్థానంలో ఖురాన్. మా ఖాలా కొడుకుకు చూపించాల్సిన పుస్తకం. కానీ నవలగా ఎలా ఉందంటే, స్టోకర్ నుంచి తెచ్చుకున్న చోట్ల వణుకు ఉంది, సొంతంగా కలిపిన చోట్ల జెండా ఊపుడు ఎక్కువైంది. పగ తీర్చుకోవడం మొదలుపెట్టగానే భయం పలచబడుతుంది. 1953లో ఆ పుస్తకాన్ని 'ద్రాకులా ఇస్తాంబుల్‌దా' అని సినిమా తీసినవాళ్లు ఇంకా తమాషా చేశారు. సిలువా లేదు, ఖురానూ లేదు. వెల్లుల్లితో పని జరిపించారు. మా ఇంటి బావర్చీఖానాలోనూ కంసాలివాళ్ల వంటింట్లోనూ ఉండే సరుకే. ఆ రాత్రి మా నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. 1967లో లాహోరులో తీసిన 'జిందా లాష్' ఇంకో దారి పట్టింది. అందులో ప్రొఫెసర్ తబానీ చావులేని మందు తయారుచేయబోయి, దాన్ని తనే తాగి రక్తపిశాచి అవుతాడు. పిశాచం ప్రయోగశాలలో పుట్టింది. ఇంక ఎవరి దేవుడికీ పనిలేదు.

ఇక మేమే భయంగా మారిన పుస్తకాల సంగతి. డిగ్రీ చదివే రోజుల్లో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద లవ్‌క్రాఫ్ట్ కథలు దొరికాయి. అమెరికన్ రచయిత, 1937లో పోయాడు. ఆయన కథల్లో 'నెక్రోనొమికాన్' అనే ఒక శాపగ్రస్త గ్రంథం మాటిమాటికీ వస్తుంది. లేని పుస్తకం. దాన్ని రాసింది పిచ్చి అరబ్బు అబ్దుల్ అల్‌హజ్రెద్. సనా నగరంవాడు. 738లో డమాస్కస్‌లో పట్టపగలు జనం చూస్తుండగా కంటికి కనిపించని జంతువేదో అతన్ని మింగేసిందట. పెద్దగా పట్టింపులేని ముసల్మాన్ అని కూడా చెబుతాడు లవ్‌క్రాఫ్ట్. అలాంటివాళ్లు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు, ఎవరినీ ఏదీ మింగలేదు.

మేము ఆగిపోయింది ఆ పేరు దగ్గర. 'అబ్ద్' అంటే దాసుడు. అబ్దుల్ అన్నాక ఎవరి దాసుడో చెప్పాలి. రహ్మాన్, కరీం, ఖాదిర్... అల్లా పేర్లలో ఒకటి రావాలి. అబ్దుల్‌లో ఒకసారి 'అల్' కలిసిపోయి ఉండగా మళ్లీ 'అల్' ఎలా వస్తుంది? అరబ్బీ ఖాయిదా చదివే పిల్లవాడు కూడా ఈ తప్పు పట్టుకుంటాడు. ప్రపంచమంతా వణికిన ఆ పేరు మాకు హాజరుపట్టీలో తప్పుపడ్డ పేరులా కనిపించింది. మా బడిలోనూ సార్లు అబ్దుల్ అని పిలిచి ఊరుకునేవాళ్లు. నలుగురం ఒకేసారి లేచేవాళ్లం. సగం పేరుతో పిలిపించుకోవడం మాకు కొత్తేమీ కాదు. ఇప్పుడైతే ఆ సగం పేరే ఈ దేశంలో వెక్కిరింతగా చలామణీలో ఉంది.

ఆ పేరు వెనక కథ ఇంకా చిత్రం. లవ్‌క్రాఫ్ట్ ఐదేళ్లప్పుడు అరేబియన్ నైట్స్ చదివి, అరబ్బులా ఆడుకోవడానికి పెట్టుకున్న పేరది. మేమైపోవాలని ఆడుకున్న పిల్లవాడు పెద్దయ్యాక ఆ వేషానికే పిచ్చివాడి పాత్ర ఇచ్చాడు. గ్రంథానికి అసలు అరబ్బీ పేరని చెప్పిన 'అల్ అజీఫ్' అన్న మాట కూడా ఇంకో పుస్తకం అడుగు వివరణల్లోంచి తీసుకున్నదే. ఆ పుస్తకం విలియం బెక్‌ఫర్డ్ 'వాథెక్', 1786లో ఇంగ్లీషులో వచ్చింది. అందులో నాయకుడు అబ్బాసీ ఖలీఫా. ఐదు ఇంద్రియాలకు ఐదు మహళ్లు కట్టించి, జ్ఞానం మీద ఆశతో చివరికి ఇబ్లీసు పాతాళానికి పోయి, గుండెలో మంటతో మిగిలిపోతాడు. ఇంగ్లీషు భయానక నవల తొలిరోజుల్లోనే అబ్బాసీ ఖలీఫా ఉన్నాడన్నమాట. మేము ఆ ఇంటికి కొత్తగా వచ్చిన అతిథులం కాదు. పునాదిలో ఉన్నాం, శవంలాగో, రాయిలాగో.

మన చందమామలోనూ ఇలాంటిదే ఒకటుంది. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' నుంచి మొదలుపెట్టి రాసిన మాంత్రికుల సీరియళ్లను మేము ప్రాణంగా చదివాం. ఆ రాజ్యాల్లో మా పేరున్నవాడు ఎక్కడా తగిలేవాడు కాదు. మేము చందమామలో బాగ్దాదులోనే ఉండేవాళ్లం. తెలుగు దయ్యాల సినిమాల్లో అయితే సాంబ్రాణి పొగ, నెమలీకల కట్టతో ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫకీరు మేమే. భయపడే ఇంట్లో మేముండం, ఆ ఇల్లు బాగుచేయడానికి వస్తాం.

మరి ఇదంతా తెలిసి లవ్‌క్రాఫ్ట్‌ను ఎలా చదువుతారని ఒక మిత్రుడు నిలదీశాడు. ఆయన జాత్యహంకారం దాచుకున్నది కాదు. ప్రపంచ ఫాంటసీ పురస్కారానికి వాడుతూ వచ్చిన ఆయన తల ప్రతిమను ఆ కారణంతోనే 2015లో మార్చాలని నిర్ణయించారు. మంచి పని. అయినా చదువుతాం, ఇష్టంగానే. చదివితే ఒక సంగతి తెలుస్తుంది. బ్రూక్లిన్ వలస జనాన్ని పిశాచపూజారులుగా చూపించిన 'ద హారర్ ఎట్ రెడ్ హుక్' ఆయన బలహీనమైన కథల్లో ఒకటి. అదే 1927లో అచ్చయిన 'ద కలర్ అవుట్ ఆఫ్ స్పేస్' చదవండి. ఒక పొలంలో ఉల్క పడుతుంది. బావిలోకి పేరులేని రంగు ఒకటి దిగుతుంది. పంట, గొడ్లు, మనుషులు నెమ్మదిగా బూడిదైపోతారు. ఆ రంగుకు దేశం లేదు, మతం లేదు. ఇంటికి తిరిగొచ్చి చేదబావిలోకి తొంగిచూడలేకపోయాం. మనిషిని ద్వేషించేటప్పుడు ఆయనకు ఊహించే అవసరం రాలేదు, వీధిలో తయారుగా దొరికింది. ఎవరినీ ద్వేషించని చోట ఆయన కష్టపడాల్సి వచ్చింది. ఆ కష్టమే మాకు ఆనందం.

ఈ మాట అన్నాక మా ఇంటివైపు చూడకపోతే అన్యాయం. ఉర్దూకు తన సొంత చీకటి అద్భుతలోకం ఉంది, 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'. లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్సు 1883 నుంచి అచ్చువేసింది. మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్, మిగతావి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశారు. జాదూగర్ల చక్రవర్తి అఫ్రాసియాబ్. అతని రాజ్యంలో కనిపించే దేశం ఒకటి, కనిపించని దేశం ఒకటి, చీకటి దేశం ఒకటి. మధ్య పారే నెత్తుటి నది, దానిమీద పొగతో కట్టిన వంతెన. అందులోకి సంచీ భుజాన వేసుకుని అమర్ అయ్యార్ దిగుతాడు. వేషాలు, మత్తుమందులు, దొంగతనాలు! గాలిబ్ అంతటివాడు దాస్తాన్ సంపుటాలూ మద్యం సీసాలూ ఒక్కసారే చేతికందాయని మిత్రుడికి మురిసిపోతూ ఉత్తరం రాశాడు. ప్రేమ్‌చంద్ గోరఖ్‌పూర్‌లో పిల్లవాడిగా ఉన్నప్పుడు హోష్‌రుబా చదివే పెరిగాడు.

కానీ ఆ జాదూగర్లు ఎవరు? సామిరీని, జంషీద్‌ను కొలిచే కాఫిర్లు. అమీర్ హమ్జా పక్షం ముసల్మానులది. ఓడిన జాదూగర్ కలిమా చదివితే బతుకుతాడు. లవ్‌క్రాఫ్ట్ దగ్గర మేము పట్టిన తప్పే ఇక్కడ తలకిందులుగా ఉంది. దీన్ని దాచుకుని అల్‌హజ్రెద్ గురించి మాట్లాడితే మాట చెల్లదు. ఆ దాస్తాన్ ఎక్కడ లేస్తుందో కూడా చెప్పాలి. కలిమా చదివించే పేజీలు గబగబా నడిచిపోతాయి. అఫ్రాసియాబ్ తోటలు, అతని రాణి హైరత్ కొలువు, జాదూగర్ల ఆటలు వచ్చేసరికి కథకుడు కదలడు. వంద పేజీలు అక్కడే. ఓడించాల్సినవాళ్ల మీదే మనసు పారేసుకున్నాడు. షంసుర్రహ్మాన్ ఫారూఖీ లాంటి పెద్ద విమర్శకుడు ఈ దాస్తాన్ల మీద ఏళ్లతరబడి పనిచేసి వాటికి మళ్లీ గౌరవం తెచ్చాడు.

1888లో దేవకీనందన్ ఖత్రీ 'చంద్రకాంత' రాశాడు. తిలిస్మ్, అయ్యారు రెండూ ఉర్దూ దాస్తాన్ నుంచి హిందీలోకి నడిచొచ్చాయి. అయితే అందులో దుర్మార్గుడు క్రూర్ సింగ్ దగ్గరున్న అయ్యార్ల పేర్లు నాజిమ్, అహ్మద్. చూడండి, కళ మా ఇంటినుంచి పోయింది, దానితోపాటు దుష్టపాత్ర కూడా మాకే వచ్చింది. అయినా చంద్రకాంతను కింద పెట్టలేం. పెట్టగలిగినవాళ్లు మొదటి యాభై పేజీలు చదివి ఉండరు.

మాకు రెండు వైపులనుంచి వద్దన్నారు. ఇంట్లో పెద్దలు ఇది లగ్వ్, వ్యర్థం అన్నారు. జిన్నుల పేరుతో ఖురాన్‌లో ఒక సూరానే ఉండగా ఈ కట్టుకథలెందుకు అన్నారు. ఆ మాటలో ఒక నిజం ఉంది. జిన్ను మాకు విశ్వాసం, డ్రాకులా మాకు కథ. నానీమా వేపచెట్టు కింద ఆసేబ్ ఉందంటే మేము ఆనందించలేదు, చుట్టూ తిరిగి వెళ్లాం. డ్రాకులాను మాత్రం మళ్లీ మళ్లీ పిలుచుకున్నాం. అబద్ధమని తెలిసినదాన్ని చూసి వణకడంలోనే ఈ సుఖమంతా ఉంది.

రెండో వైపు మా లౌకిక మిత్రులు, హేతువాదులు. వాళ్ల అభ్యంతరం బరువైంది. 1980ల మొదట్లో 'ఆంధ్రభూమి' వారపత్రికలో యండమూరి 'తులసిదళం' వారం వారం వస్తున్నప్పుడు జనం ఎదురుచూసి కొన్నారు. అదే తెలంగాణలో బాణామతి అనుమానంతో మనుషుల పళ్లు పీకారు, చంపారు. ఆ వార్తలు ఇంకా ఆగలేదు. విలేకరులుగా అలాంటి ఊళ్లకు మేమూ పోయాం. అక్కడ నిలబడి భయానక నవల అమాయకమైందని అనలేం. మా ఫిర్యాదు మాత్రం వేరు. 'తులసిదళం' క్షుద్రవిద్యా, శాస్త్రమా అన్న తూకాన్ని ఊగిస్తూ, ఇది నిజమేనేమో అని పాఠకుడి భుజం తడుతుంది. హోష్‌రుబా అలా ఎన్నడూ అడగదు. పొగ వంతెన నిజమా అని ఏ దాస్తాన్‌గో శ్రోతా తగువులాడలేదు. నమ్మమని అడిగే భయం వేరు, ఆడుకుందాం రమ్మనే భయం వేరు. మా మిత్రులు రెండింటినీ ఒకే గాటన కట్టి, మార్క్వెజ్ రాస్తే మాత్రం మాయా వాస్తవికత అన్నారు.

మళ్లీ బాగ్దాదుకు పోదాం. చందమామ బాగ్దాద్ కాదు, 2005 బాగ్దాద్. అహ్మద్ సాదావీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్' 2013లో అరబ్బీలో వచ్చింది. 2014లో అరబ్బీ నవలకిచ్చే అంతర్జాతీయ పురస్కారం గెలుచుకుంది. హాదీ అనే పాత సామాన్ల వ్యాపారి బాంబు పేలుళ్లలో చెదిరిపడ్డ అవయవాలు ఏరుకొచ్చి, కుట్టి, ఒక దేహం తయారుచేస్తాడు. ముక్కలు ముక్కలుగా చెత్తలో పోవడం కన్నా పూర్తి శవమైతే ఖననం దక్కుతుందని. ఆ దేహం లేచి నడుస్తుంది. తనలోని ఒక్కొక్క అవయవం తరఫున పగ తీర్చుకుంటుంది. పగ తీరిన అవయవం కుళ్లి రాలిపోతుంది, కొత్తది కావాలి. కొత్తది ఎవరినుంచి? ఈ లెక్కలో నేరస్థుడెవరో నిర్దోషి ఎవరో కలిసిపోతారు. ఇందులో షియా, సున్నీ, క్రైస్తవుల ముక్కలన్నీ ఒకే తోలుకింద ఉన్నాయి. ఎంత బరువైన సంగతి! సాదావీ దాన్ని నవ్విస్తూ చెబుతాడు. కాఫీ హోటల్లో హాదీ ఈ కథ చెబుతుంటే వినేవాళ్లు కోతలు కోస్తున్నాడని ఆనందిస్తారు. రోజూ బాంబులు పేలే ఊరి రచయిత వాంగ్మూలం రాయవచ్చు. ఎవరూ కాదనరు. ఆయన మేరీ షెల్లీ 1818లో వదిలిన రాక్షసుణ్ణి తెచ్చుకున్నాడు. చదువుతుంటే మాకు ఈర్ష్య కలిగింది. తెలుగులో ఇలాంటి నవల మావాళ్లెవరూ ఇంకా రాయలేదు. రాయలేక కాదు, రాస్తే గాయాన్ని తేలిక చేశామంటారేమోనన్న బెరుకు. ఆ బెరుకు మాలో మాకే ఎక్కువ.

కిరాయి డ్రాకులా మా ఇంట్లో ఉండగానే 1990 డిసెంబరు కర్ఫ్యూ పడింది. దుకాణం మూసేశారు. పుస్తకం మా దగ్గర చిక్కుకుంది. రాత్రిపూట దీపం తగ్గించి, గొంతు తగ్గించి చదివేవాళ్లం. బయట జీపు పోతే ఆపేవాళ్లం. జీపు పోయాక మళ్లీ డ్రాకులా. అమ్మీ ఒకసారి వచ్చి విని, "ఇదిగూడ సాలదా మీకు?" అంది. తర్వాత తనే తలుపు దగ్గర కూర్చుని విన్నది. కర్ఫ్యూ సడలించాక దుకాణదారు ఆ రోజుల కిరాయి తీసుకోలేదు.

వెనక గల్లీకి దారి తెరిచాక కంసాలి పిల్లవాడు వచ్చాడు. పెద్దవాళ్లు పంపారో, చెప్పకుండా వచ్చాడో అడగలేదు. గుమ్మంలో నిలబడి కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. కర్ఫ్యూకు ముందు అతను వింటుండగా డ్రాకులా పెట్టెలతో ఓడ బయల్దేరింది, నావికులు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. "ఓడ ఏమైంది?" అన్నాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిందని, కెప్టెన్ చేతులు చుక్కానికి కట్టేసి ఉన్నాయని, చచ్చిపోయి ఉన్నాడని చెప్పాం. అతను చెవులు మూసుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి కూర్చుని, "ఊఁ, చదువుండ్రి" అన్నాడు.